దేవరగట్టులో దేవుడు, డాక్టరు

విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగియగానే వేల కర్రలు పైకి లేస్తాయి. ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ఒక పక్క, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరో పక్క. దివిటీల వెలుగులో తలలు పగులుతాయి. ఒకప్పుడు ఆ గాయానికి పసుపే మందు. ఇప్పుడు అక్కడే ప్రభుత్వ వైద్య శిబిరం ఉంటుంది, దెబ్బ పెద్దదైతే ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతారు. పైన డ్రోన్లు తిరుగుతాయి. బన్ని అనే ఈ కర్రల సమరం మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు?

జవాబు కొంత ఆ ఉత్సవంలోనే వినిపించే భవిష్యవాణిలో ఉంది. వానలెలా ఉంటాయో, పత్తి, జొన్న ఏ ధర పలుకుతాయో పూజారి చెబుతాడు. వాననే నమ్ముకున్న ఈ పడమటి సీమలో అది చిన్న మాట కాదు. అది విన్న రైతే ఫోన్‌లో వాతావరణ శాఖ సూచన చూసుకుంటాడు, ఆదోని యార్డులో పత్తి రేటు కనుక్కుంటాడు. ఇందులో అతనికి వైరుధ్యమేమీ కనిపించదు. మేఘాల కదలికను శాస్త్రం చెప్పగలదు. అప్పు చేసి విత్తనం వేసినవాడి గుండెకు ధైర్యం చెప్పడం దాని పని కాదు.

ఎమ్మిగనూరులోనూ అంతే. నేతగాళ్ల కష్టం తీర్చడానికి మాచాని సోమప్ప 1938లో సహకార సంఘం పెట్టారు. ఆ ఊరే నేటికీ నీలకంఠేశ్వరుడి తేరు లాగుతోంది.

మతం ఇక్కడ మిగులుతుంది, మిగలాలి కూడా. నెత్తురు మాత్రం అక్కర్లేదు. ఇనుప రింగుల కర్రలు వద్దని పోలీసులు చెబుతూనే ఉన్నారు. అదే మాట పూజారులు, ఊరి పెద్దలు గుడి ముందు నిలబడి చెబితే జనం వింటారు.