ఏ జన్మ పాపం?

అమెరికాలోని అరిజోనా ఎడారిలో సగువారో అనే పెద్ద జెముడు ఉంది. పూత పట్టడానికే సుమారు 35 ఏళ్లు, బతికేది 150 ఏళ్లకు పైనే. మనిషి ఆయుష్షు చాలదు గనుక 1930ల నుంచి ఒకే చోట నిలబడి మళ్లీ మళ్లీ ఫోటోలు తీస్తూ వచ్చారు. మొదటి ఫోటోలో జెముడు అడవి. తర్వాతి వాటిలో ఖాళీ నేల! ముసలి చెట్లు చలికి, వయసుకు పడిపోయాయి, అది అనిత్యం. మరి పిల్లమొక్కలేవీ? పూర్వజన్మ పాపమా? లేత జెముడుకు నీడనిచ్చే చెట్లను మనుషులు నరికేశారు, పశువులు తొక్కేశాయి. మేత ఆపాక, నీడ తిరిగొచ్చాక, మొక్కలూ లేచాయి. కారణం ఉంటేనే కార్యం. బాబాసాహెబ్ పూర్వజన్మ కర్మను ఒప్పుకోనిది ఇందుకే. వచ్చే వందనకు మీ వాడలో బడి మానిన పిల్లల పేర్లు, మానిన కారణం రాసుకు రండి. ‘ఖర్మ’ అని మాత్రం రాయొద్దు.