పండుగ మరునాటి పెట్టె

(ధ్యాన భాగములు: లేవీయ. 19:13, అపొ. కార్య. 6:1-6)

ఇంగ్లండు మొదలైన దేశములలో క్రిస్మసు మరునాటిని, అనగా డిసెంబరు 26వ తేదీని, బాక్సింగ్ డే అందురు. ముష్టియుద్ధముతో దీనికి సంబంధము లేదు. బాక్సు అనగా ఇక్కడ కానుక పెట్టె. పూర్వము గొప్పవారి యిండ్లలోని పనివారు పండుగనాడు వండి, వడ్డించి, గిన్నెలు తోమి, మరునాడు సెలవు పొందెడివారు. వారికిని, తపాలా బంట్రోతునకును, సరకులు తెచ్చు కుఱ్ఱవానికిని ఆ దినమున క్రిస్మసు పెట్టె అను పేర కొంత రొక్కమో వస్తువో ముట్టెడిది. మన దేశపు దసరా మామూలు వంటిదే యిది. 1871లో పార్లమెంటు చేసిన చట్టము ఇంగ్లండు, వేల్సు, ఐర్లండులలో ఆ దినమును బ్యాంకు సెలవుగా నిర్ణయించెను.

ఆచారము మంచిదే. అయితే మనస్సాక్షిని ఒక ప్రశ్న అడుగవలసియున్నది. సంవత్సరమంతయు చాకిరి చేసినవానికి ఒక్కనాడు ఇచ్చునది దానమా, లేక మనము ఉన్న బాకీలో కొంత భాగమా?

కూలివాని కూలి మరునాటి ఉదయమువరకు మనయొద్ద నిలిచియుండరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అది కనికరమునుగూర్చిన మాట కాదు, న్యాయమునుగూర్చిన మాట. అతనిది అతనికి చేరిన తరువాతనే మన కానుక ఆరంభమగును.

లండనులో నౌకాదళ కార్యాలయపు ఉద్యోగియైన శామ్యూల్ పీప్స్ 1663 డిసెంబరు 19న తన దినచర్యలో ఒక చిన్న సంగతి వ్రాసికొనెను. అతడు జోళ్లు కుట్టువాని అంగడికి వెళ్లి, అక్కడి బాకీ అంతయు తీర్చి, పిమ్మట పనికుఱ్ఱల పెట్టెలో పండుగకై కొంత వేసెను. ఈ వరుసను గమనింపుడి. మొదట బాకీ, తరువాత కానుక. ఈ వరుస తారుమారైనచో కానుక మన గర్వమునకు ముసుగగును.

డిసెంబరు 26 పాశ్చాత్య సంఘములలో స్తెఫను జ్ఞాపకార్థ దినము కూడ. అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు విడువబడిరని సణుగు పుట్టినప్పుడు ఏర్పరచబడిన ఏడుగురిలో అతడు మొదటివాడు. ఆ సంఘమునకు దాతృత్వము కొదువ కాలేదు. పంపకములో న్యాయము కొదువైనది. కనుకనే అపొస్తలులు మరికొన్ని కానుకలు పోగుచేయక, నమ్మదగిన మనుష్యులను ఆ పనిమీద నియమించిరి.

ఇంగ్లండు, వేల్సులలో 2004 నాటి చట్టము పెద్ద దుకాణములు క్రిస్మసునాడు తెరువరాదని ఆజ్ఞాపించినది. మరునాటికి అట్టి నిషేధము లేదు. ఇప్పుడు ఆ దినము తగ్గింపు ధరల అమ్మకములకు పేరు పొందినది. పనివారికి విశ్రాంతియైన దినమున అంగడి పనివారు నిలువుకాళ్లమీద ఉన్నారు!

అట్లయిన కానుక మానవలెనా? వలదు. న్యాయము పనివాని చేతిని నింపును. కానుక అతడు మన సహోదరుడని ఒప్పుకొనును. రెండును వలయును. బేత్లెహేము పొలములో రాత్రివేళ పనిలోనున్న కాపరులకే దేవదూత మొదట శుభవార్త తెలిపెను గదా.

ప్రియులారా, ఈ సంవత్సరము వాకిట నక్షత్రము కట్టకముందే, మన యింట అంట్లు తోమునామెకును, పొలమున కోత కోసినవానికిని రావలసినది ఏమైన మిగిలియున్నదేమో లెక్క చూచుకొందము.