మాటలేని పాటకు అర్థము

మాటలతో కూడిన పాటకు అర్థము చెప్పుట సులభము. మాటలేని వాద్యమునకు అర్థము చెప్పునప్పుడే మన సత్యసంధతకు పరీక్ష కలుగును. ఈ సంగతి నాకు నా శిష్యుడొకడు నేర్పెను.

ఆర్జెంటీనా దేశపు ముఖ్యపట్టణమగు బ్యూనోస్ ఐరిస్ నగరమున ఓస్వాల్దో పుగ్లియేసే (1905–1995) యను వాద్యబృంద నాయకుడుండెను. టాంగో యనునది ఆ నగరమునందును, దాని కెదురుతీరమునగల మాంటివిడియోయందును పుట్టిపెరిగిన నృత్యసంగీతము. ఆయన రచించి 1946లో రికార్డున కెక్కించిన ‘లా యూంబా’ యను టాంగోలో గాయకుడు లేడు. పియానో, వయొలిన్లు, డబుల్ బేసు, బాండోనియన్లు మొదలగు వాద్యములు మాత్రమే యుండును. బాండోనియను అనగా రెండుచేతుల నడుమ తిత్తిని సాగదీయుచు, ముడుచుచు, మీటలు నొక్కి వాయించు పెట్టె. మన హార్మోనియమునకు దూరపుబంధువు.

పుగ్లియేసే కమ్యూనిస్టు. ఆ కారణమున పలుమాఱులు చెఱసాల కేగవలసివచ్చెను. ఆయన లేని దినములలో బృందమువారు కచ్చేరి మానక, పియానోపై ఎఱ్ఱని కార్నేషను పువ్వు నుంచి వాయించెడివారు. బృందమును సహకారపద్ధతిని నడిపి, రాబడిని పనినిబట్టి పంచుకొనెడివారు.

నేనీ కథయంతయు జెప్పి, పిదప రికార్డును విద్యార్థులకు వినిపించి, “ఇది శ్రామికుల యడుగుల చప్పుడు, అన్యాయము నెదిర్చిన గుండె చప్పుడు” అని వ్యాఖ్యానించితిని. ఒక బాలుడు లేచి, “అయ్యా, తమరు ముందుగా జెప్పకున్నచో మాకిది వినబడి యుండెడిదా?” యని యడిగెను. నాకుత్తరము తోచలేదు. ఇంటికి బోయి యాలోచింపగా, నేను సంగీతమునకు గాక చరిత్రకు వ్యాఖ్యానము చేసితినని తెలిసెను. అంతకంటె పెద్దదోషము, బాలురు తామై విను స్వాతంత్ర్యమును హరించుట.

వాచ్యార్థము లేని గీతశబ్దములు సైతము రసమును వ్యంజింపజాలునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నంగీకరించెను. సంగీతమునకు విషయము కదలెడి నాదరూపములే యని హాన్స్‌లిక్కు 1854లో వాదించెను. ఈ రెండుమాటలను గలిపి చూచినచో మార్గము గోచరించును: వ్యంగ్యము కలదు; కాని యది నాదమునందే చూపదగినదై యుండవలెను.

మఱునాడు మరల రికార్డును బెట్టితిని, కథ యెత్తక. నాలుగు దెబ్బలలో మొదటిదియు మూడవదియు ‘యూం’ అని బృందమంతయు నొక్కుమ్మడి మోగించును. ఆ దెబ్బకు ముందు స్వరములు బరువు నీడ్చుకొనివచ్చినట్లు జాఱివచ్చును. రెండవదియు నాలుగవదియు ‘బా’ యని మంద్రమున నడగును. ఆ చప్పుడే పాటకు పేరైనది. నడుమ బరువు తొలగి వయొలిను మెల్లగా బాడును. మరల నందఱు గలియుదురు. ఒక బాలుడు “బండి లాగుచున్నట్లున్నది” అనెను. వేఱొకడు “యంత్రము” అనెను. మఱియొకడు “కోపము” అనెను. ముగ్గురును తమ మాటకు సాక్ష్యముగా ఆ యీడ్పును, ఆ దెబ్బను చూపగలిగిరి. చెఱసాలను చూపగలిగినవా డొక్కడును లేడు, నేనును చూపలేను.

అట్లయిన జీవితచరిత్ర నిరర్థకమా? కాదు. చెవి నెక్కడ నిలుపవలెనో అది చెప్పవచ్చును. ఏమి వినవలెనో శాసింపరాదు. పలువురు ఒక్కదెబ్బకు ఒదిగియుండుట నాదమున వినబడును. ఆ యొదుగుటకు న్యాయమని పేరిడినది మనము. అట్లని యొప్పుకొనుటయే న్యాయము. మాటలాడలేనివాని పక్షమున బలుకువాడు తన మాటను వాని నోట బెట్టరాదు. మనుష్యులయెడ నీ ధర్మము మన మెఱుగుదుము. నాదముయెడలను ధర్మమదియే.