సొంత సొత్తు - పరాయి తాళము

వెలయిచ్చి కొన్న వస్తువుపై కొన్నవానికి ఎంతవరకు అధికారము కలదు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఎద్దును కొన్నవాడు దానిచే దున్నించుకొనవచ్చును గాని హింసింపరాదని పెద్దలందురు. బావి త్రవ్వించినవాడు దాహముతో వచ్చినవానిని త్రోసివేయరాదందురు. అయితే ప్రాణము లేని యంత్రము మాటేమి? అందునను అమ్మినవాడే తాళము వేసి అమ్మిన యంత్రము మాటేమి? నేడు ఇంటింట చేతులలో మెలగుచున్న స్మార్ట్‌ఫోను ఈ చిక్కును తెచ్చిపెట్టినది.

2007వ సంవత్సరము జూన్ 29వ తేదీన అమెరికాలో ఐఫోను విక్రయమునకు వచ్చెను. తయారుచేసిన ఆపిల్ సంస్థ తాను సమ్మతించినవి తప్ప వేరు ప్రోగ్రాములు అందు నడువకుండ కట్టడి చేసెను. కొలది కాలములోనే ఆ కట్టడిని భేదించు ఉపాయములు పుట్టెను. ఆ పనికి పెట్టుకొన్న పేరు 'జైల్‌బ్రేక్', అనగా చెరసాలను బ్రద్దలుకొట్టుట. పేరులోనే తీర్పు ఇమిడియున్నది. తాము బందీలమనియు, ఎదుటివాడు చెరసాల అధికారి యనియు ముందే నిశ్చయించుకొన్నవారి మాట యది. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్టి పనినే 'రూటింగ్' అందురు. వేరువరకు పోవుట యని భావము. ఇది కొంత వినయముగల పేరు.

వారి పక్షమున న్యాయము లేకపోలేదు. తొలినాటి ఐఫోనునకు కెమెరా యుండియు దానితో చలనచిత్రము తీయు వీలు లేకుండెను. 2009లో వచ్చిన క్రొత్త నమూనాతో గాని సంస్థ ఆ వీలు కల్పింపలేదు. తాళము తీసినవారు అంతకుముందే, 2008లోనే, పాత ఫోనుతో చలనచిత్రములు తీసికొనిరి. కన్నుండగా చూడవద్దనుట ఏమి న్యాయమని వారడిగినచో బదులు చెప్పుట కష్టము. 2010 జూలైలో అమెరికా ప్రభుత్వము సైతము కాపీహక్కు చట్టమునుండి ఈ పనికి మినహాయింపు నిచ్చెను. కాని చట్టము వదలిపెట్టిన చోటనే ధర్మవిచారము మొదలగును.

చెరువుకట్టను తలచుకొనుడు. తన మడికి నీరు చాలలేదని రాత్రివేళ గండికొట్టు రైతునకు నీటిపై హక్కుండవచ్చును. నీరు పంచు నీరటికాడు పక్షపాతియే కావచ్చును. అయినను ఆ కట్ట ఆపుచున్నది ఒక్క ఆ రైతు వాటా నీటినే కాదు. గండి పడిన క్షణమునుండి దానిని కాచు భారము అతనిదగును. తెల్లవారువరకు పార చేతబట్టి అతడు అచట నిలువగలడా?

2009 నవంబరులో ఆస్ట్రేలియాలో ఈ గండియే కనబడినది. తాళము తీసిన ఐఫోనులలో, దూరమునుండి లోనికి చొరబడుటకు వీలగు ద్వారము నొకదానిని పలువురు తెరచుకొనిరి. దాని సంకేతపదము అన్ని ఫోనులకు ఒక్కటే. దానిని మార్చుకొనవలెనన్న తలంపు చాలమందికి కలుగలేదు. ఒక యువకుడు వ్రాసి వదలిన ప్రోగ్రాము పురుగువలె ఒక ఫోనునుండి వేరొక ఫోనునకు ప్రాకెను. అది తెరపై ఒక గాయకుని బొమ్మను నిలిపి ఊరకుండెను. అదే నెలలో నెదర్లాండ్స్ దేశమున బ్యాంకు ఖాతాదారుల రహస్యములను కాజేయజూచిన పురుగు మరియొకటి అదే త్రోవన వచ్చెను. తాళము తీయని ఫోనులను అవి తాకలేదు.

2015లో బయటపడిన వృత్తాంతము ఇంతకంటె లోతైనది. తాళము తీసిన ఫోనులనుండి 2,25,000కు పైగా ఖాతాల వివరములు దొంగిలింపబడెను. ఎందుకొరకు? వెలయిచ్చి కొనవలసిన ప్రోగ్రాములను వెలయీయకయే పొందగోరిన మరికొందరి కొరకు! స్వేచ్ఛ పేరిట తెరచిన తలుపున దురాశ ఎంత సులభముగా లోనికి వచ్చెనో చూడుడు.

తాళము వేసినవాడు దోషరహితుడా యన్న, అదియును కాదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు 'జ్ఞా' అక్షరము సందేశముగా వచ్చినంతనే ఐఫోనులోని ప్రోగ్రాములు స్తంభించిపోయెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమునకు కొరుకుడుపడలేదు! సంస్థ కొలది దినములలో దిద్దుబాటును పంపెను. సాధారణముగా అట్టి దిద్దుబాటును స్వీకరించినచో జైల్‌బ్రేక్ చెడిపోవును. కావున తెరచిన తాళము తెరచియే యుండవలెనన్నవాడు తరచుగా దిద్దుబాటును కాదనుకొనవలసి వచ్చును. చెరవీడినవాడు పాత లోపమునకు బందీయగుట విచిత్రమే.

ఇక తాళమును ముట్టనివాడెల్ల సంయమి యనుకొనుటయు పొరపాటే. ఇంద్రియములను బిగబట్టి మనసులో విషయములనే నెమరువేయువానిని గీత మూడవ అధ్యాయము మిథ్యాచారుడన్నది. ఫోను చెడునన్న భయముచే ఆగినవాడు ఆ కోవలోనివాడే. పరుల ప్రోగ్రాములు ఉచితముగా దొరకునను ఆశ మనసులో మెదలుచునే యుండగా చేయి మాత్రము ఆగినది. కన్ను కనబడని వృద్ధునికి తయారీదారు చేయని సదుపాయమును కల్పించుటకై తాళము తీసి, ఆపై జాగ్రత్తగా కాచుకొనువాడు అతనికంటె మేలు. ఆశయే తాళము తీయించినదా, అవసరమా యన్నది బయటివారు చెప్పగలిగినది కాదు.

అట్టి ఆలోచనలో పడిన విద్యార్థి నొకని ఊహింపుడు. ఫోను అతనిదే, తండ్రి కొనియిచ్చినది. అయినను నాయనమ్మ పింఛను జమయైనదని బ్యాంకు తెలుపు సందేశము అందులోనికే వచ్చును. చెల్లెలి ఛాయాచిత్రములు అందులో నున్నవి. మిత్రులు నమ్మి యిచ్చిన సంఖ్యలున్నవి. తాళము తీయుటకు గడియసేపు చాలును. నాయనమ్మకు ఫోనుల సంగతి తెలియదు; మనుమనికి తెలియునని మాత్రమే ఆమెకు తెలియును.