నిక్షేపం

మా పెదనాన్నగారి పెద్దబ్బాయీ, వదినా కిందటి వేసవిలో కూతురి పురిటికని డాలస్ వెళ్ళారు. వెళ్ళేముందు వదిన ఫోన్ చేసి, "రెండు నెలలు మా ఇంట్లో వచ్చి ఉండకూడదుటే? నవల రాసుకోవటానికి నిశ్శబ్దం కావాలి, నిశ్శబ్దం కావాలి అంటావుగా" అంది. మారేడుపల్లిలో పాతకాలపు ఇల్లు. వెనకాల పెరడు, రెండు మామిడిచెట్లు, గోడ పొడుగునా మందారాలు. చెప్పొద్దూ, ఎగిరి గంతేశాను. మావారికీ, మా అబ్బాయికీ భోజనాల ఏర్పాటు చేసి, తెల్లకాగితాల కట్ట పట్టుకుని వెళ్ళిపోయాను.

అసలు సంగతి వెళ్ళాక గాని తెలియలేదు. నన్ను పిలిచింది ఇంటి కాపలాకి కాదు. ఇల్లు తాళం పెడితే ఉంటుంది. తాళం పెడితే ఉండనివి మూడున్నాయి ఆ ఇంట్లో. మూడూ తాబేళ్ళే!

హాల్లో పెద్ద గాజుతొట్టిలో రెండు. చెవులుండాల్సిన చోట ఎర్రటి చారలు. మనవడు సరదా పడ్డాడని చేపల దుకాణంలో కొన్నప్పుడు ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత ఉండేదిట. ఇప్పుడు ఫలహారం పళ్ళెమంత. మనవడు ఇంజనీరింగ్ చదవటానికి వెళ్ళిపోయాడు, తాబేళ్ళు మిగిలాయి. మూడోది నీటిది కాదు, మెట్ట తాబేలు. నల్లటి డిప్పమీద పసుపుపచ్చని గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని, చూస్తే ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టుంటుంది. దాని పేరు లక్ష్మి. వాస్తు ప్రకారం ఉత్తరం వైపు ఉండాలని వసారాలో పెట్టారు. కింద నున్నటి గచ్చు, చుట్టూ అడ్డంగా పీటలు.

వదిన ఒక నోటుబుక్కు నిండా రాసి పెట్టింది. నీటివాటికి నీళ్ళెప్పుడు మార్చాలి, దీపం ఎంతసేపు వెయ్యాలి, గింజలెన్ని వెయ్యాలి. లక్ష్మికి రోజూ ఉదయం స్నానం, ఆ తర్వాత చెంచాడు పెరుగన్నం, పాలకూర. "ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో" అని మూడుచోట్ల రాసింది. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. వీటివల్ల పసిపిల్లలకి విరేచనాల జబ్బు అంటుకుంటోందని అమెరికాలో 1975లోనే నాలుగంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకం నిషేధించారు.

మొదటి వారమంతా నాకు చిరాకే. కుక్కని పెంచితే తోక ఊపుతుంది. పిల్లి అయినా కాళ్ళకి రాసుకుంటుంది, పాలకోసమే అనుకోండి. చంటిపిల్ల రాత్రంతా ఏడిపించి తెల్లారగట్ల ఒక్క నవ్వు నవ్విందంటే తల్లి లెక్క సరిపోతుంది. తాబేలు ఏమిస్తుంది? నేను దగ్గరికి వెళితే మెడ లోపలికి లాక్కుంటుంది. అంతే దాని కృతజ్ఞత. నేను బి.ఏ.లో ఫిలాసఫీ చదివాను. గీత రెండో అధ్యాయంలో ఇంద్రియాల్ని ఉపసంహరించుకున్న స్థితప్రజ్ఞుణ్ణి తాబేలుతో పోలుస్తారు గదా, ఆ పోలిక నాకెప్పుడూ ఎంతో ఇష్టం. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ స్థితప్రజ్ఞురాలికి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించాల్సి వచ్చేసరికి, ఎదురుగా ఉన్న మనిషికి అది అంత సుఖమైన గుణం కాదని తెలిసింది.

మా అమ్మమ్మ చెప్పేది, చేప తన పిల్లల్ని చూపుతో పెంచుతుందనీ, పక్షి ఒంటి వెచ్చదనంతో పొదుగుతుందనీ, తాబేలు మాత్రం ఎక్కడో ఇసకలో గుడ్లు పెట్టి, తలపుతోనే వాటిని పిల్లలు చేస్తుందనీ. గురువులు శిష్యుల్ని కాపాడే తీరుకి పోలికగా చెప్పే మాట అది. నిజానికి తాబేలు గుడ్లు పూడ్చిపెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ తిరిగి చూడదు. చాలా జాతుల్లో పిల్ల ఆడో మగో కూడా ఆ మట్టి వేడే నిర్ణయిస్తుంది. పుట్టిన క్షణంనుంచీ ఎవరూ లాలించని ప్రాణి లాలన ఎలా గుర్తుపడుతుంది? అది గుర్తుపట్టటం లేదని నేను నొచ్చుకోవటంలో అర్థముందా?

పద్దెనిమిదో రోజున లక్ష్మి తిండి మానేసింది. మర్నాడూ తినలేదు. కదలలేదు కూడా. నా గుండెల్లో రాయి పడింది. పరాయి సొమ్ము, నా చేతిలో పోతే? బుట్టలో పెట్టుకుని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. దాన్ని తిప్పి చూశాడు, డిప్ప అంచులు వేలితో నొక్కి చూశాడు, కాళ్ళు లాగి చూశాడు.

"ఏం పెడుతున్నారమ్మా?"

"పెరుగన్నం, పాలకూర."

"ఎండలో ఉంచుతారా?"

"వసారాలో ఉంటుందండీ. ఉత్తరం వైపు."

ఆయన కాస్సేపు ఏమీ అనలేదు. తర్వాత విడమరిచి చెప్పాడు. దీని కడుపు గడ్డీ, పీచున్న ఆకులూ అరిగించుకోవటానికి పుట్టింది, అన్నానికీ పెరుగుకీ కాదు. పాలకూర ఎక్కువైతే ఒంటికి సున్నం పట్టనివ్వదు. ఎండ తగలకపోతే డిప్ప మెత్తబడుతుంది. డిప్పంటే అదేదో తొడుక్కున్న కవచం కాదు, దాని వెన్నెముకా పక్కటెముకలూ అందులో కలిసిపోయే ఉంటాయి, నొక్కితే తెలుస్తుంది. నున్నటి గచ్చుమీద గోళ్ళు పట్టు దొరక్క కాళ్ళు పక్కలకి జారిపోతున్నాయి. మందు రాసిచ్చి, చివరికి అడిగాడు:

"ఇది మీదేనా?"

"కాదండీ, మా వదినగారిది."

"ఎవరిదీ కాకూడదమ్మా" అన్నాడు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచటం నేరంట. రాయలసీమ మెట్టల్లో, ముళ్ళపొదల్లో తిరిగే ప్రాణి. గోనెసంచుల్లో, విమానాల సూట్‌కేసుల్లో కుక్కి దేశాలు దాటిస్తూంటే, 2019లో జెనీవాలో సమావేశమైన దేశాలన్నీ దీని వ్యాపారాన్ని నిషేధించాయి. అంతకు ముందు ఏడాదే సింగపూర్‌లో పట్టుబడ్డ 51 తాబేళ్ళని విమానంలో కర్ణాటకకి తిరిగి తెచ్చారు. నేను ఇరవైయేళ్ళుగా నవలలు రాస్తున్నాను. నా కథానాయికలు చెయ్యని తప్పులు లేవు గాని, నేను మాత్రం నేరం చేస్తానని అనుకోలేదు సుమండీ!

ఇంటికొచ్చి పెరట్లో ఎండా నీడా పడేచోట మట్టి గుల్లచేసి, చుట్టూ ఇటుకలు పేర్చి, లక్ష్మిని అక్కడ వదిలాను. గరిక వేశాను. మందారపువ్వు ఒకటి రాలి దానిముందు పడింది. మూడోరోజున మెడ చాచి ఆ పువ్వుని కొరికింది. ఆ రోజు నేను నవల ఒక్క పేజీ కూడా రాయలేదు. ఊరికే కూర్చుని చూశాను.

మన మాటల్లో ఎప్పుడూ దొర్లే మాట ఒకటుంది. "నిక్షేపంలా ఉన్నాడు" అంటాం, "నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకున్నాడు" అంటాం. నిక్షేపమంటే ఒకరు నమ్మి మనదగ్గర దాచిపెట్టిన సొత్తు. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది తగువుల్లో నిక్షేపం ఒకటి. దాచిపెట్టినదాన్ని ఎలా ఇచ్చారో అలా తిరిగి ఇచ్చెయ్యాలి, అంతే ధర్మం. బావుంది. కాని దాచిపెట్టిన సొత్తే ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చినదైతే? ఆ సొత్తుకి ప్రాణముంటే? లక్ష్మిని ఎలా ఇచ్చారో అలా తిరిగి ఇవ్వటమంటే మళ్ళీ ఆ గచ్చుమీద, ఆ పెరుగన్నం దగ్గర పెట్టటమేగా!

నోరుమూసుకుని వదినకి అప్పగిస్తే మాట నిలబెట్టుకున్నట్టు. అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేస్తే చట్టం నిలబెట్టినట్టు. కాని నన్ను నమ్మి ఇంటి తాళాలిచ్చిన మనిషిని, ఆవిడ సముద్రాలవతల ఉండగా పట్టిచ్చినట్టు కూడా. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. చివరికి వదినకే చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆవిడ తీసుకోవలసిన నిర్ణయం ఆవిడ వెనకాల తీసుకోకూడదనిపించింది. నిజం చెప్పాలంటే అందులో సగం పిరికితనం. నేను మర్యాదలు ఆలోచిస్తున్న ఆ నెలరోజులూ కూడా లక్ష్మి ఆయుష్షులోవే మరి.

ఫోన్‌లో చెప్పగానే వదిన అగ్గిమీద గుగ్గిలమైంది. "పదకొండేళ్ళు నా చేత్తో తినిపించాను. పదహారు రోజుల బాలింతని పెట్టుకుని నేనిక్కడ ఉంటే, నువ్వక్కడ నాకు చట్టాలు చెబుతావా?" అని పెట్టేసింది. అందులో అబద్ధమేముంది? పదకొండేళ్ళూ ఆవిడ నిజంగానే ప్రేమించింది. చలికాలం కంబళి ముక్క కప్పేది. దానికి తెలియని ప్రేమ, దానికి పడని తిండి. మన ఇళ్ళలో పిల్లల్ని కూడా ఇలా పెంచిన వాళ్ళని నేనెరుగుదును, నాతో సహా.

ఈలోగా మా వీధి చివర ఇస్త్రీబండి అతను ఒక సలహా చెప్పాడు. "హాల్లో ఉన్న ఆ రెండింటినీ గుడి కోనేట్లో వదిలెయ్యండమ్మా, పుణ్యం." విన్నవెంటనే నాకూ బాగానే అనిపించింది. కూర్మావతారం మన దేవుడే గదా. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో స్వామి ఆ రూపంలోనే ఉన్నాడు, ఆ గుడి ఆవరణలోనూ తాబేళ్ళున్నాయి. కాని డాక్టరుగారు చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఈ ఎర్రచారల తాబేళ్ళు మన దేశానివి కావు. అమెరికాలో మిసిసిపి నది ప్రాంతానివి. ముచ్చటపడి కొన్నవాళ్ళు అవి పెరిగాక విసుగెత్తి చెరువుల్లో వదిలేస్తూంటే, ఇక్కడి తాబేళ్ళ తిండీ, ఎండకాచుకునే చోటూ అవి లాక్కుంటున్నాయిట. చూశారా విచిత్రం! ఉంచుకోవాలని మనసు పీకేదాన్ని వదలాలి. వదిలించుకుందామనుకున్నవాటిని చచ్చేదాకా ఉంచుకోవాలి.

నాలుగు రోజులు వదిన ఫోన్ లేదు. అయిదోరోజు ఒక ఫోటో వచ్చింది. మనవరాల్ని తోపుడుబండిలో పెట్టుకుని చెరువుగట్టుకి షికారు వెళ్ళిందిట. నీళ్ళలో పడున్న దుంగమీద వరసగా తాబేళ్ళు, అన్నిటికీ ఎర్రచారలు. వెనకాలే ఫోన్.

"ఒక్క దుంగమీద పన్నెండున్నాయే. నేను లెక్కపెట్టాను. ఎవరూ ఏమీ పెట్టటం లేదు వాటికి" అంది. కాస్సేపు ఊరుకుని, "లక్ష్మి తింటోందా?" అంది.

"తింటోంది వదినా. గరికా, మందారపువ్వులూ."

"పువ్వులు తింటుందా? నాదగ్గర ఎప్పుడూ తినలేదే!"

"పెట్టారా మీరు?"

అవతల చాలాసేపు మాటలేదు. "దేవుడికి కోసేదాన్నిగా" అంది చివరికి. "నేనొచ్చేవరకూ ఉంచు. నేనే తీసుకెళతాను."

వదిన వచ్చిన మూడోరోజున ముగ్గురం వెళ్ళాం, ఆవిడా, నేనూ, డాక్టరుగారూ. అన్నయ్య భయపడి కారు దిగలేదు. అటవీశాఖ వాళ్ళు వివరాలు రాసుకున్నారు. ఇన్నాళ్ళు ఇంట్లో ఉన్నదాన్ని తిన్నగా అడవిలో వదలరనీ, మిగతావాటికి జబ్బులు అంటుకోకుండా ముందు విడిగా ఉంచుతారనీ చెప్పారు. అంటే లక్ష్మి ఏనాటికైనా ముళ్ళపొదల్లో తిరుగుతుందో లేదో. వదిన బుట్ట అందించి, వెనక్కి రెండడుగులు వేసి, మళ్ళీ వెళ్ళి ఆ కుర్రాడితో, "బాబూ, దానికి మందారపువ్వులంటే ప్రాణం" అంది. పదకొండేళ్ళుగా తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పింది.

దారిలో నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక కాఫీ ఇచ్చింది, పంచదార ఎక్కువ వేసి.

వసారాలో ఇప్పుడు పీటలు లేవు. హాల్లో తొట్టి మాత్రం రెండింతలైంది, ఎక్కి ఎండకాచుకోవటానికి అందులో ఒక దుంగ కూడా వచ్చింది. బాగా చూసుకుంటే ఆ రెండూ ఇంకా పాతికేళ్ళు బతుకుతాయిట. అన్నయ్యకి అరవై తొమ్మిది, వదినకి అరవై ఆరు, నాకు నలభై ఆరు. మొన్న వదిన ఆ మాటే లెక్కలు వేసి, నావైపు అదోలా చూసింది. వచ్చే సోమవారం వాళ్ళు కాశీ వెళుతున్నారు. ఆ పదిరోజులకీ తాళాలు అప్పుడే నాకు పంపించేసింది.