చక్రాల మీది అమానతు

ప్రయాణానికి బయలుదేరే ముందు మనం దుఆ చేస్తాం, సామాను సరిచూస్తాం, పిల్లలను జాగ్రత్తగా కూర్చోబెడతాం. కాని కారు టైర్లలో గాలి ఎంత ఉందో చూసేవారు మనలో ఎంతమంది? 'మొన్ననే కొట్టించాం, బాగానే కనబడుతోంది' అనుకుంటాం. దారిలో టైరు పేలి ప్రమాదం జరిగితే మాత్రం, 'విధివ్రాత అలా ఉంది, ఎవరేం చేయగలరు?' అంటాం. ఈ మాట ఎంతవరకు న్యాయం?

పంక్చరు లేకపోయినా టైరులో నెలకు ఒకటి రెండు పాయింట్ల గాలి దానంతటదే తగ్గుతుంది. గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ దాని పక్కభాగాలు మామూలుకంటే ఎక్కువగా వంగుతాయి. అందువల్ల వేడి పుడుతుంది. బండి నిండా జనం ఉండి, మండుటెండలో వేగంగా పోతున్నప్పుడు ఆ వేడికి టైరు పొరలు విడిపోయి పేలిపోవచ్చు. గాలి మరీ ఎక్కువైనా ప్రమాదమే. టైరు మధ్యభాగం మీదే బరువుపడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

కంటిచూపును నమ్మడానికి లేదు. నేటి రేడియల్ టైర్లు గాలి బాగా తగ్గినా మామూలుగానే కనిపిస్తాయి. మరి కొత్త కార్లలో హెచ్చరిక దీపం ఉందిగా అంటారా? అమెరికాలో ఒక రకం టైర్ల పైపొర ఊడిపోయి ఎన్నో ప్రాణాలు పోయాక, 2000లో చట్టం చేశారు. దాని ప్రకారం 2007 సెప్టెంబరు నుండి అక్కడి కొత్త కార్లన్నిటికీ ఆ దీపం తప్పనిసరి అయింది. అయితే గాలి 25 శాతం తగ్గాక అది వెలిగితే చాలన్నది నిబంధన. అంటే 32 ఉండవలసిన గాలి 24కు పడిపోయేదాకా దీపం మౌనంగా ఉండవచ్చు. అంతవరకు మన బాధ్యత కూడా నిద్రపోవచ్చా?

రాత్రిపూట దారిలో మేకు గుచ్చుకుంటే ఎవరూ మనల్ని తప్పుపట్టరు. తెలియకపోవడం వేరు, తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోవడం వేరు. వెనుక సీటులోని వృద్ధురాలైన తల్లి, మనతో వచ్చిన పొరుగింటి పిల్లవాడు, ఎదురుగా సైకిలు మీద వచ్చే బాటసారి - వీరి ప్రాణాలు బండి నడిపేవాని చేతిలో అమానతు. అల్లాహ్‌పై భారం వేయడమంటే మన పనిని వదిలేయడం కాదు. చేయవలసింది చేసి, ఫలితాన్ని ఆయనకు అప్పగించడం.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టికలో ఉంటుంది. బండి నిండా మనుషులు, సామాను ఉన్నప్పటి కొలత చాలా కార్లకు వేరుగా ఇస్తారు. టైరు మీద అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, దాన్ని కొలతగా తీసుకోకూడదు. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. వేడెక్కిన టైరు కొలత పెంచి చూపుతుంది, అది చూసి గాలి తీయించకూడదు. నెలకొకసారి, దూరప్రయాణానికి ముందు ఇంకొకసారి, స్టెప్నీతో సహా చూసుకోవాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు.

మన ఇంటివారు ఎవరూ టైరు పక్కన కూర్చుని గాలి కొలవరు. మనం చూసే ఉంటామని నమ్మి బండెక్కుతారు. ఆ నమ్మకానికి జవాబు చెప్పుకోవలసింది మనమే.