ఉచితముగా చేసిన పనికి పూచీ కలదా?

జీతము పుచ్చుకొని చేయు పనికి పూచీ యుండునని అందరును ఒప్పుకొందురు. ఊరక చేసిపెట్టిన పని మాట యేమి? ఇరుగుపొరుగువారికి చేతిసాయముగా ఒక వస్తువు చేసియిచ్చి, అది చెడినచో చేసినవాని తప్పు ఎంతవరకు? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుపడలేదు. ఒక కుట్టుమిషను స్ప్రింగు వలన ఎదురుపడినది.

మేము మెట్రిక్యులేషను వరకు చదివి, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. మా మాండవి నాందేడు జిల్లా కిన్వట్ తాలూకాలోనిది. 1956 నవంబరు 1వ తేదీన ఈ తాలూకా ఆదిలాబాదు జిల్లా నుండి విడివడి బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1 నుండి మహారాష్ట్రమున నున్నది. మా తండ్రిగారు ఊరు కదలకయే మూడు రాష్ట్రములలో కాపురము చేసిరి. ఇట్టి ఊళ్ళలో తెలుగు కుటుంబములు ఒకరి చేతిసాయముతో ఒకరు నిలిచినవి. మరాఠీలో అర్జీ వ్రాసిపెట్టువారొకరు, బావి మోటారు బాగుచేయువారొకరు, పిల్లలకు సాయంకాలము ఓనమాలు దిద్దించువారొకరు. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. కనుక ఈ ప్రశ్న మా ఒక్కరిది కాదని తలచి ఈ సంచికకు వ్రాయుచున్నాము.

విశ్రాంతి పొందిన పిమ్మట వెనుక వసారాలో ఒక బల్ల, ఒక వైసు, ఒక చేతి డ్రిల్లు అమర్చుకొని చిన్న చిన్న మెలిస్ప్రింగులు చుట్టుట నేర్చుకొంటిమి. బట్టల క్లిప్పులో ఉండునది ఈ జాతి స్ప్రింగే. దీనికి పియానో తీగ యనబడు గట్టి ఉక్కుతీగ కావలెను. సితారునకు కట్టు ఉక్కుతీగయు ఆ కోవలోనిదే. పేరు మెలిస్ప్రింగు గాని, బరువు పడినపుడు అందలి తీగ మెలిపడదు, వంగును. ఈ సంగతి తెలిసిననాడు మేము చాలసేపు నవ్వుకొంటిమి. కచేరీలలో హోదాకును పనికిని గల సంబంధము ఇట్టిదే గదా.

తీగను కడ్డీకి చుట్టి వదలినతోడనే చుట్లు కొంత విచ్చుకొనును. కావున కావలసిన లోపలి వ్యాసముకంటె కడ్డీ సన్ననిదై యుండవలెను. ఎంత సన్ననిదో రెండుమూడు తీగలు పాడుచేసినగాని తెలియదు. వదలునపుడు తీగకొన కొరడావలె ఎగురును. కండ్లకు అద్దములు లేక ఈ పనికి పూనుకొనరాదు. (ఒకమారు మా బొటనవ్రేలు చీరుకొనిపోయినది. దానిని గూర్చి ఇంటిలో నేటికిని వినుచున్నాము.) తీగ మందము పదింట ఒక వంతు హెచ్చినచో బిగి నూటికి 46 వంతులు హెచ్చును, బిగి మందము యొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగుటయే ఇందులకు కారణము. స్ప్రింగును ఏ వైపు చుట్టితిమో ఆ వైపునకే, చుట్లు మరింత బిగియునట్లు, బరువు పడవలెను. ఎదురుగా పడినచో త్వరలో చెడును.

ఇవన్నియు కంటికి కనబడు సంగతులు. కనబడనిది ఒకటి కలదు. చుట్టిన స్ప్రింగును సుమారు 250 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అరగంట యుంచవలెను. చుట్టునపుడు తీగలో చిక్కుకొన్న లోబిగువు ఆ వేడికి సడలును. ఎఱ్ఱగా కాల్చినచో సత్తువ పోవును. అసలు కాచనిచో స్ప్రింగు చూపునకు చక్కగానే యుండును, పనియు చేయును, కాని కొలది దినములలో కుంగును. కాచినదానికిని కాచనిదానికిని భేదము చేసినవానికి తప్ప మరొకరికి తెలియదు.

మా వీధిలో కుట్టుపనితో ఇల్లు గడుపుకొను ఒక అమ్మాయి కలదు. భర్త లేడు, ఇద్దరు బిడ్డలు. బతుకమ్మ పండుగ దగ్గరపడగా ఆమె మిషనులో దారము బిగింపు దగ్గరి సన్నని స్ప్రింగు విరిగినది. సూది దిగునపుడు దారము వదులై చిక్కుపడకుండ పట్టియుంచునది అదియే. కిన్వట్ పోయి తెచ్చుకొన్నచో ఒక దినపు సంపాదన పోవును. విరిగిన ముక్కను కాగితములో చుట్టి మా యొద్దకు తెచ్చినది. మేము దానిని నమూనాగా పెట్టుకొని గంటలో మరియొకటి చుట్టితిమి. కొనలు వంచి, మిషనుకు అమర్చి, రెండు కుట్లు వేయించి చూచితిమి. పనిచేసినది. ఆమె తొందరలో నున్నది, మేము సంతోషములో నుంటిమి. అరగంట కాచుట మానివేసితిమి. మరచి కాదు, తెలిసియే. డబ్బు ఇయ్యబోగా వలదంటిమి.

పది దినములకు స్ప్రింగు కుంగినది. ఆమె మా యొద్దకు వెంటనే రాలేదు. వదులుపడిన కుట్లను రాత్రులు కూర్చుండి విప్పి మరల కుట్టినది. రెండు రవికల గుడ్డలు పాడైనచో తన డబ్బుతో కొనియిచ్చినది. పండుగ వెళ్ళిన తరువాత వచ్చి, "కాకా, దారమే మంచిగ లేదో, నా చేతిలనే ఏమన్న తప్పొచ్చిందో అనుకున్న. జర మిషన్ చూస్తవా?" అని అడిగినది. స్ప్రింగు మీద అనుమానము ఆమెకు రానేలేదు.

ఈ సంగతి ఒక మిత్రునితో చెప్పితిమి. "నీవు పైస పుచ్చుకొంటివా? దానమిచ్చిన ఆవునకు పళ్ళు ఎంచరాదు. ఇట్లు నేరము మోపుచుండిన ఊరిలో ఎవడును ఎవరికిని సాయము చేయడు" అని ఆయన యనెను. ఇందులో నిజము లేకపోలేదు. చేతగానివాడు చేతనైనంత చేసిపెట్టుట వలననే మావంటి ఊళ్ళు సాగినవి. మేము ఒకప్పుడు వ్రాసిపెట్టిన మరాఠీ అర్జీలలో ఎన్ని తప్పులుండెనో భగవంతునకెరుక.

కాని ఆ సామెత పుచ్చుకొనువానికి చెప్పినది, ఇచ్చువానికి కాదు. కఠోపనిషత్తులో తండ్రి యజ్ఞము చేసి, పాలుడిగిన ముసలి గోవులను దానమిచ్చుచుండగా చూచి మనసు కలగినవాడు నచికేతుడు. దానము పట్టిన బ్రాహ్మణులు నోరెత్తినట్లు అక్కడ లేదు. ఆవు పళ్ళు ఇచ్చువానికి ముందే తెలియును.

మా సీమకు దూరము కాని నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము పేరుగాంచిన ఉక్కు తయారగుచుండెను. 1832లో అచ్చయిన వాయిసీ దొర వ్రాతను బట్టి, పారసీక వర్తకుడు అక్కడనే యుండి తూకములును పరీక్షయు తన కన్నుల ఎదుట జరిపించుకొనెడివాడు. కొనువాడు కాబట్టి అతనికి ఆ అధికారము కలదు. మా పొరుగు అమ్మాయికి అది లేదు. డబ్బు వలదనుట ఔదార్యమని మేమనుకొంటిమి, దానితోపాటు "ఇది సరిగా చేసితివా?" అని అడుగు హక్కును కూడ ఆమె చేతినుండి తీసికొంటిమి. ఊరక చేసిపెట్టిన పెద్దమనిషిని ఎవరు అడుగుదురు?

ఆలోచించిన కొలది, స్ప్రింగు కుంగుట మా నేరములో చిన్న పాలని తోచినది. కొత్తగా నేర్చినవాని పని చెడును, అది సహజము. "అమ్మా, దీనిని కాచలేదు, పది దినములకంటె నమ్మరాదు" అని ఒక్క మాట చెప్పియున్నచో, అరగంట ఆగుటయో, కిన్వట్ పోవుటయో ఆమె నిర్ణయించుకొనెడిది. చెడిననాడు చెడినది ఏదో తెలిసియుండెడిది. ఆ మాట చెప్పకపోవుట చేత, పదునైదేండ్లుగా అన్నము పెట్టుచున్న తన చేతినే ఆమె అనుమానించినది. రెండు రవికల వెల మేము తిరిగి ఈయగలము. ఆ పది రాత్రులకు వెల కట్టుట మాకు తెలియలేదు.

ఆనాడే ఆమెతో ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె కొంతసేపు మిషను వైపు చూచి, "అప్పుడే చెప్తే అయిపోవు గద కాకా" అనినది. అంతకంటె ఏమియు అనలేదు.

వేరొక స్ప్రింగు చుట్టి, బాణలిలో ఇసుక పోసి, అందు దానితోపాటు మెరుగుపెట్టిన ఉక్కుముక్క నొకదానిని పెట్టి, అది లేత గడ్డిరంగునకు తిరిగి మరికొంత ముదురు వరకు వేడిచేసి, మంట తగ్గించి అరగంట యుంచితిమి. ఇసుక వేడి అంతట సమముగా ఉండదనియు, కిన్వట్ పోయినపుడు కంపెనీ స్ప్రింగు ఒకటి తెచ్చి దగ్గర పెట్టుకొనుమనియు చెప్పి ఇచ్చితిమి. ఈసారి పది రూపాయలు అడిగి పుచ్చుకొంటిమి. మా ఇల్లాలు దీనికి చాల నొచ్చుకొన్నది. విధవరాలి యొద్ద పది రూపాయలా అని రెండు దినములు మాతో సరిగా మాటాడలేదు.

సంక్రాంతి ముందు ఆ అమ్మాయి మరల వచ్చినది. గుమ్మములో నిలువకుండ తిన్నగా వసారాలోనికి వచ్చి, "కాకా, ఇది మరీ బిగువుగున్నది, సన్నదారం తెంపుతున్నది. పైసలు తీసుకున్నవ్ గద, మంచిగ చేసియ్యి" అనినది. మేము అద్దములు పెట్టుకొని, తీగచుట్ట క్రిందికి దించితిమి.